పోతే వెంట్రుకేనా?

కొండకు వెంట్రుక కట్టి లాగితే వస్తే కొండ, పోతే వెంట్రుక అని మన పెద్దల మాట. చిన్న పెట్టుబడితో పెద్ద లాభానికి దిగేవాడికి ఇంతకంటె ధైర్యవచనం మరొకటి లేదు. అయితే ఈ సామెతలో వెంట్రుక వెల సున్న. పోయినా ఏమీ పోనట్లే లెక్క. తెలుగు పాఠాలు చెప్పుకొని బ్రతికినవాణ్ణి కనుక సామెతలతో తగవు పెట్టుకొనే అలవాటు నాకు లేదు. కాని కాలేయమో ప్రేగులో ఏళ్ళ తరబడి వ్యాధికి లోనైన మనిషి దువ్వెన చేతపట్టుకొన్న వేళ ఈ సామెత చెప్పి ఓదార్చలేమని నాకు బొర్రా కొండలలో తెలిసివచ్చింది.

నిజానికి మన భాష వెంట్రుకను అంత చులకన చేయలేదు. అమరకోశం తెరిస్తే కేశము, కచము, కుంతలము, చికురము, శిరోరుహము అని పేర్ల వరుస కనబడుతుంది. అచ్చతెలుగులో కురులు, నెరులు, ముంగురులు, కొప్పు, సిగ, జడ, కీలుగంటు. ప్రబంధకవులు నాయిక వర్ణనకు పూనుకొంటే మొదట కురుల దగ్గర ఆగి, మేఘాలనూ తుమ్మెదలనూ పిలుచుకువచ్చి గాని ముందుకు కదలరు. జుట్టున్నమ్మ ఏ కొప్పు పెట్టినా అందమే అన్న మాటలో, జుట్టు లేనమ్మ సంగతేమిటన్న ప్రశ్న మాత్రం ఎవరూ అడగకుండా మిగిలిపోయింది.

బొర్రా గుహలు చూడని తెలుగువారు తక్కువ. విశాఖపట్నానికి సుమారు 90 కిలోమీటర్ల దూరంలో, అనంతగిరి మండలంలో, 2022 ఏప్రిల్‌లో ఏర్పడిన అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఉన్నాయి. కొత్తవలస నుండి కిరండూల్ పోయే రైలుమార్గం మీద బొర్రా గుహలు స్టేషన్‌లో దిగి, గుహ చూసి, బయట బొంగులో కాల్చిన కోడిమాంసం తిని, సాయంత్రానికి దిగిపోయే యాత్రికులకు అక్కడ ఊరున్నదన్న స్పృహ ఉండదు. ఆ ప్రాంతపు ఆశ్రమ పాఠశాల ఒకదానిలో నేను కొన్నేళ్ళు పనిచేశాను. అక్కడి ఆడపిల్లలు జుట్టును ఒక ప్రక్కకు ముడివేసి, దానిలో అడవిపూలు తురుముకొని, ఒకరి నడుము మీదుగా ఒకరు చేతులు పెనవేసి థింసా ఆడుతుంటే చూడవలసిందే గాని చెప్పనలవి కాదు. ఆ వరుసలో ఒకరి కొప్పు మరొకరి భుజానికి తగులుతూ ఉంటుంది. జుట్టు ఆ ఆటలో అలంకారం మాత్రమే కాదు, వరుసలో ఒక సభ్యురాలు.

నా దగ్గర చదువుకొన్న అమ్మాయి ఒకతె, ఇంటర్మీడియట్ పూర్తిచేసి, గుహల దగ్గర తల్లికి దుకాణంలో సాయం చేస్తూ ఉండేది. పేరు చెప్పడం భావ్యం కాదు. ఒక వానాకాలంలో రక్తవిరేచనాలు మొదలయ్యాయి. ఏజెన్సీలో వానలకు విరేచనాలు క్రొత్త కాదు కనుక ఎవరూ ఆశ్చర్యపోలేదు. జిగట విరేచనాలన్నారు, వేడి చేసిందన్నారు. మూడు నెలలు గడిచేసరికి పిల్ల సగమైంది. చివరికి విశాఖలో గొట్టంతో పెద్దప్రేగు లోపల పరీక్షించి, ఇది అల్సరేటివ్ కొలైటిస్ అన్నారు. శరీర రక్షణవ్యవస్థ తన ప్రేగు పొరనే శత్రువనుకొని పుండ్లు పడేలా చేసే జబ్బు. చాలామందిలో ప్రాణాలకు తెగబడదు గాని, జీవితకాలం వదలదు.

మందులు మొదలయ్యాక రక్తం ఆగింది. అన్నం సయించింది. ముఖం తేటపడింది. సరిగ్గా అప్పుడే, జబ్బు తగ్గిన రెండు నెలలకు, జుట్టు రాలడం మొదలైంది. తల్లి నాకు ఫోన్ చేసి, "బాబూ, పిల్లకి తల దువ్వితే చాలు, జడంతా సేతిలోకొచ్చేస్తంది. ఆ బిళ్ళలే తినేస్తన్నాయి బుర్రని" అన్నది.

ఆ తల్లి ఊహలో తర్కం ఉంది. జబ్బున్నప్పుడు జుట్టు ఉంది, మందులు వచ్చాక జుట్టు పోయింది, కనుక మందే దొంగ. కాని వెంట్రుక పంచాంగం వేరు. మన తలమీద సుమారు లక్ష వెంట్రుకలుంటాయి. ప్రతి వెంట్రుకా రెండు నుండి ఆరేళ్ళ వరకు నెలకు ఒక సెంటీమీటరు చొప్పున పెరుగుతుంది. తరువాత రెండు మూడు వారాలలో దాని కుదురు ముడుచుకొంటుంది. ఆపైన సుమారు మూడు నెలలు కదలక మెదలక విశ్రమించి, రాలిపోతుంది. ఏ సమయంలో చూసినా నూటికి ఎనభైయైదు తొంభై పెరుగుదలలోనే ఉంటాయి. రోజుకు యాభై నుండి నూరు రాలడం సహజం. శరీరానికి పెద్ద ఆపద వచ్చినప్పుడు, అది తీవ్రజ్వరం కావచ్చు, కాన్పు కావచ్చు, శస్త్రచికిత్స కావచ్చు, ప్రేగునుండి నెలల తరబడి రక్తం పోవడం కావచ్చు, పెరుగుతున్న వెంట్రుకలలో చాలా భాగం ఒక్కసారిగా విశ్రాంతిలోకి వెళ్ళిపోతాయి. కరువు వచ్చిన ఇంట్లో మొదట పూలమొక్కలకు నీళ్ళు మానేస్తారు గదా, అలాగు. ఆ విశ్రాంతి ముగిసేది రెండు మూడు నెలల తరువాత. అందుకే జబ్బు నాటి నష్టం ఆరోగ్యం నాడు బయటపడుతుంది. దీనిని వైద్యులు టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు. కుదుళ్ళు చావవు. కారణం తొలగితే ఆరేడు నెలలలో మళ్ళీ మొలుస్తాయి.

ఈ సంగతి ఆ ఇంటికి చేరేలోపే పిల్ల బిళ్ళలు మానేసింది. నెలన్నరలో రక్తం మళ్ళీ మొదలైంది. ఇక్కడే విషయం అందం హద్దు దాటి ప్రాణం దాకా వస్తుంది. జుట్టు మీద దిగులు చిన్నదని పెద్దలు అనవచ్చు. కాని ఆ దిగులు వల్ల మందు మానేసిన వారికి కలిగే హాని చిన్నది కాదు.

రెండవసారి జబ్బు లొంగడానికి అజథయోప్రిన్ అనే మందు ఇచ్చారు. రక్షణవ్యవస్థ ఉద్రేకాన్ని అణచే మందు. గెర్ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్ అనే శాస్త్రవేత్తల కృషి ఫలం. వారిరువురికీ 1988లో నోబెల్ బహుమతి వచ్చింది. ప్రపంచవ్యాప్తంగా లక్షలమందిని నిలబెట్టిన మందే. అయితే ఈ అమ్మాయికి మొదలుపెట్టిన మూడవ వారంలోనే జుట్టు మళ్ళీ రాలింది. ఈసారి దువ్వెనకు కాదు, చేత్తో తాకితే కుచ్చులు కుచ్చులుగా వచ్చింది. నోట్లో పుండ్లు, ఒళ్ళు వెచ్చదనం. ఊరిలో అందరూ, "మొన్న కూడా ఇలాగే రాలింది గదా, మాస్టారు ఫరవాలేదన్నారు గదా" అనుకొన్నారు.

ఆ రెండు రాలుడులూ ఒకటి కావు. ఆపద గడిచిన రెండు మూడు నెలలకు మెల్లగా పలచబడడం ఒక సంగతి. క్రొత్త మందు మొదలైన కొద్ది వారాలకే మూకుమ్మడిగా ఊడడం మరొక సంగతి. 2014లో కొరియా దేశపు పరిశోధకులు ఒక విషయం కనిపెట్టారు. ఎన్‌యూడీటీ15 అనే జన్యువులో ఒక తేడా ఉన్నవారి శరీరం ఈ జాతి మందులను సరిగా విరిచివేయలేదు. మామూలు మోతాదే వారికి విషమై ఎముకమజ్జను కొడుతుంది, తెల్లకణాలు ప్రమాదకరంగా పడిపోతాయి. ఆ తేడా తూర్పు ఆసియా ప్రజలలో ఎక్కువ, మన దేశస్థులలోనూ కొందరికి ఉంది. అటువంటివారిలో ఆ పతనానికి బయటికి కనిపించే గుర్తు తరచుగా హఠాత్తుగా ఊడే జుట్టే. ఆ రోజు పిల్లను రైలెక్కించి విశాఖ తీసుకుపోవడం మంచిదైంది. ఘనమిల్లీమీటరుకు నాలుగువేలకు పైగా ఉండవలసిన తెల్లకణాలు పదకొండు వందలే ఉన్నాయట. మందు ఆపి, ఆసుపత్రిలో ఉంచి కాపాడారు. తరువాత వేరే మందుతో జబ్బు అదుపులోకి వచ్చింది.

ఈ మందు క్రొత్తగా మొదలుపెట్టినవారికి మొదటి వారాలలో తరచు రక్తపరీక్షలు చేయించమని వైద్యులు చెప్పేది ఇందుకే. కొండమీది మనిషికి రక్తపరీక్ష అంటే ఒక రోజు కూలీ, రైలు ఛార్జీ, ఒకరి తోడు. ఆమె పరీక్షకు పోలేదు. జుట్టు ఆ పరీక్ష పని చేసింది.

మూడు చోట్ల మన శరీరంలో కణాలు అతి వేగంగా పుడుతూ ఉంటాయి. ఎముకమజ్జ, ప్రేగు లోపొర, వెంట్రుక కుదురు. ప్రేగు పొర నాలుగైదు రోజులకొకసారి తిరిగి నేసుకొంటుంది. కణవిభజనను అడ్డగించే ఏ మందైనా ఈ మూడింటినీ తాకుతుంది. ఈ మాట వచ్చినప్పుడు తెలుగువాడు తలచుకోవలసిన పేరు ఒకటుంది. 1895లో భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆయన సోదరులిద్దరిని కొద్ది రోజుల వ్యవధిలో బలిగొన్నది స్ప్రూ అనే ప్రేగు వ్యాధి. ఆహారంలోని సారాన్ని ప్రేగు గ్రహించలేక మనిషి కృశించిపోయే జబ్బు. ఆయనకూ అది సోకితే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద చికిత్సతో బ్రతికారు. ఆపైన అమెరికా వెళ్ళి, లెడర్లీ సంస్థలో ఆయన బృందం 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించింది. స్ప్రూ రోగుల రక్తహీనతకు అది మందయింది. అక్కడితో ఆగక, ఫోలిక్ ఆమ్లానికి ఎదురు నిలిచే పదార్థాలనూ ఆ బృందమే తయారుచేసింది. వాటిలో అమినోప్టెరిన్‌తో సిడ్నీ ఫార్బర్ పిల్లల రక్తకేన్సరుపై తొలి విజయాలు సాధించి 1948లో ప్రకటించాడు. ఆ ఏడాదే సుబ్బారావు గారు కన్నుమూశారు. ఆ కుటుంబానికే చెందిన మెథోట్రెక్సేట్ క్రోన్స్ అనే మరొక ప్రేగు వ్యాధికి పనికివస్తుందని 1995లో ఋజువైంది. అది కొందరికి జుట్టు పలచబరుస్తుంది. ఆ బాధలు తగ్గడానికి దానితోపాటు ఇచ్చేది మళ్ళీ ఫోలిక్ ఆమ్లమే. ప్రేగు జబ్బుకు తోబుట్టువులను పోగొట్టుకొన్న మనిషి, ప్రేగు రోగికి మందునూ ఆ మందుకు విరుగుడునూ కూడా విడిచి వెళ్ళాడు.

మందుల ప్రమేయం లేకుండానే జుట్టును దోచుకొనేవి మరికొన్ని ఉన్నాయి. రక్తం పోతే ఇనుము పోతుంది. విరేచనాలతో జింకు పోతుంది. చిన్నప్రేగు చివరి భాగం చెడితే బి12 అందదు. జింకు మనిషికి అవసరమని లోకానికి చూపినవాడు బీహారులో పుట్టిన ఆనంద ప్రసాద్. 1960ల ఆరంభంలో ఇరాన్‌లో ఎదుగుదల లేని యువకులను పరిశీలించి ఆ మాట అన్నప్పుడు చాలామంది నమ్మలేదు. తరువాత 1970లలో, ప్రేగు పనిచేయని రోగులకు నరం ద్వారా ఆహారమెక్కిస్తూ అందులో జింకు చేర్చడం మరచినప్పుడు, ఒంటిమీద పొక్కులు లేచి జుట్టు ఊడిపోయింది. జింకు ఇవ్వగానే తిరిగి మొలిచింది. మాంసకృత్తుల లోటు సంగతి మన ప్రాంతాలవారికి వేరే చెప్పనక్కరలేదు. క్వాషియార్కర్ సోకిన బిడ్డ జుట్టు ఎర్రబడి, పీచువలె పలచనై, లాగితే నొప్పి లేకుండా వచ్చేస్తుంది. 1918లో కూనూరులో చిన్న విభాగంగా పుట్టి, 1958లో హైదరాబాదుకు తరలి, 1969 నుండి జాతీయ పోషకాహార సంస్థగా పేరొందిన పరిశోధనాలయం ఈ వ్యాధి మీద దశాబ్దాలు శ్రమించింది.

ఇక కాలేయం కథ వేరు. అది పురుషుల విషయంలో మరీ విచిత్రం. నాతో పనిచేసిన హిందీ పండితుడొకాయన జీవితంలో కల్లు ముట్టలేదు. కొండల్లో జీలుగు కల్లు కాలంలోనూ ఆయన మజ్జిగే త్రాగాడు. చక్కెరవ్యాధి, స్థూలకాయం మాత్రం ఉన్నాయి. ఆయన జబ్బు ఆనవాలు మొదట పట్టినవాడు క్షురకుడు. "ఏటి మేష్టారూ, ఇదివరకు రెండ్రోజులకోసారి వచ్చేవోరు, ఇప్పుడు వారమైనా గెడ్డం రాదేటి?" అన్నాడట. తలకట్టు నిండుగానే ఉంది. గడ్డం, ఛాతీ, చంకలు పలచబడ్డాయి. అరచేతులు ఎర్రబడ్డాయి. కొవ్వు పేరుకొని గట్టిపడిన కాలేయం, సిరోసిస్, అని తరువాత తేలింది. స్త్రీ హార్మోను కొద్దిపాటిగా పురుషులలోనూ ఉంటుంది. దానిని ఎప్పటికప్పుడు విరిచి పారవేసేది కాలేయం. అది అలసిపోతే ఆ హార్మోను పేరుకొంటుంది, పురుష హార్మోను తగ్గుతుంది, దాని మీద ఆధారపడిన రోమాలు రాలిపోతాయి. "కాలేయమా, అయితే త్రాగుడే" అని తీర్పు చెప్పేవారి నోళ్ళకు జడిసి ఆయన ఏడాది పాటు ఎవరికీ చెప్పుకోలేదు.

కాలేయం, ప్రేగు ఒకేసారి పాడయ్యే సందర్భాలూ ఉన్నాయి. పిత్తనాళాలు వాచి, మచ్చకట్టి, ఇరుకైపోయే ఒక వ్యాధి ఉంది. పాశ్చాత్య దేశాలలో ఆ వ్యాధి ఉన్నవారిలో మూడింట రెండు వంతుల మందికి ప్రేగు వాపు కూడా ఉంటుంది. పైత్యరసం సరిగా దిగకపోతే కొవ్వులో కరిగే విటమినులు ఒంటబట్టవు, ఒళ్ళంతా దురద. కాలేయం మార్పిడి చేయించుకొన్నవారి జుట్టు కథ ఇంకొక వింత. టాక్రోలిమస్ అనే మందు కొందరికి జుట్టు రాలుస్తుంది. అదే పనికి వాడే సైక్లోస్పోరిన్ ముఖమంతా రోమాలు మొలిపిస్తుంది. పూర్వం హెపటైటిస్ సి రోగులు ఇంటర్‌ఫెరాన్ సూదులతో తల పలచనై వాపోయేవారు. గత పదేళ్ళుగా నోటి బిళ్ళలు వచ్చి ఆ బాధ తప్పించాయి.

మరొకటి పేనుకొరుకుడు. రూపాయి బిళ్ళంత మేర నున్నగా ఊడిపోతుంది. పేరులో పేను ఉన్నది గాని రోగంలో లేదు. ఇక్కడా నేరస్థుడు రక్షణవ్యవస్థే, వెంట్రుక కుదుళ్ళను పరాయివిగా భ్రమిస్తుంది. ఒక అవయవం విషయంలో అలా భ్రమించిన శరీరం మరొక అవయవం విషయంలోనూ భ్రమించడం అరుదు కాదు. పాపం, మన భాష ఈ నింద పేనుమీద వేసింది.

మన పెరటి వైద్యం సంగతి కూడా చెప్పాలి. గుంటగలగరాకును తలనూనెలో కాస్తారు. కామెర్లకు పసరుగానూ వాడతారు. జుట్టుకూ కాలేయానికీ ఒకే మొక్కను నియోగించిన పూర్వుల చూపు నాకు ముచ్చట గొలుపుతుంది. ఆ ముచ్చటతోనే ఒక హెచ్చరిక. ఆకు పచ్చడి వేరు, తెలియని పసరు వేరు. దీర్ఘకాల కాలేయ వ్యాధి ఉన్నవారు ఊరూ పేరూ లేని నాటుమందు త్రాగితే, కామెర్లకని చేతిమీద వాత పెట్టించుకొంటే, ఉన్న కాస్త కాలేయమూ పోగొట్టుకొనే ప్రమాదముంది. జుట్టుకని అంగడిలో అమ్మే బిళ్ళలూ అంతే. విటమిన్ ఏ ఎక్కువైతే జుట్టు రాలుతుంది, కాలేయమూ చెడుతుంది. బయోటిన్ అధికంగా మ్రింగినవారికి కొన్ని రక్తపరీక్షల ఫలితాలు తప్పుగా వస్తాయి. కనుక కొనడానికి ముందు వైద్యుని అడగవలసినవి కొన్ని ఉన్నాయి. ఇనుము నిల్వ ఎంత? బి12, జింకు, థైరాయిడ్ ఎలా ఉన్నాయి? తింటున్న తిండిలో గ్రుడ్డు, పప్పు, పాలు ఎంత? మందు మొదలుపెట్టి ఎన్నాళ్ళకు రాలింది? ఈ చివరి ప్రశ్నకు జవాబు రోగి దగ్గరే ఉంటుంది. తేదీలు కాగితంపై వ్రాసి ఉంచుకోవడం మంచిది.

అడగడమే కష్టం. ఓపీ గదిలో నలుగురి ముందు ప్రేగు సంగతి చెప్పుకోవడమే సిగ్గు, ఆపైన జుట్టు గురించి అంటే, "ప్రాణం ముఖ్యమా, జడ ముఖ్యమా" అని ఎక్కడ కసురుతారోనని మరింత సిగ్గు. ఆ అమ్మాయి మొదటిసారి మందు మానేసినప్పుడు ఏ వైద్యునికీ కారణం చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

తల్లి సింహాద్రి అప్పన్నకు పిల్ల తలనీలాలు మొక్కుకొన్నదట. ఆ మాట విని పిల్ల, "ఇయ్యడానికి ఇంకేటుంది అమ్మా" అన్నదట. ఆ మాట నన్ను చాలా రోజులు వెంటాడింది. కొండ మెట్ల దగ్గర నున్నని తలలతో నవ్వుతూ దిగివచ్చే ఆడవారిని మనం ఎందరిని చూడలేదు? వారెవరూ జుట్టుకోసం ఏడవరు. ఇచ్చింది కనుక. తన చేతిమీదుగా, తన ఇష్టంతో ఇచ్చింది కనుక. రోగం తీసుకొన్నది ఇచ్చినట్లు కాదు. ఆ ఏడు చైత్రంలో ఇటుకల పండుగకు ఆమె థింసా వరుసలోకి వెళ్ళలేదు, గడపలో కూర్చుని చూసిందని తల్లి చెప్పింది. ప్రేగునొప్పి ఆమెను పాఠశాలకూ పనికీ దూరం చేసింది. తోటిపిల్లలకు దూరం చేసినది మాత్రం పలచబడిన తల.

ఇప్పుడు ఆమె జుట్టు భుజాలదాకా వచ్చింది. క్రొత్తగా మొలిచినది కాస్త ఉంగరాలు తిరిగిందట. జబ్బు ఉన్నది, మందులున్నాయి, నెలకొకసారి రక్తపరీక్షకు కొండ దిగడమూ ఉన్నది. మొన్న ఫోన్‌లో, "మాస్టారూ, మా ఈదిలో ఇంకో పిల్లకి ఇలాగే జుట్టు ఊడతంది. ముందు ఏ బిళ్ళలు తింటన్నావే అని అడిగినాను" అన్నది. తరువాత ఆ పిల్లను తానే వెంటబెట్టుకొని ఆరోగ్య కేంద్రానికి వెళ్ళింది.